14 రోజుల పాల ఇంజక్షన్ వేయిస్తే ఆవు కాళ్లు పోతాయా?

రాజాం_పాడి:
హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు, మూడో ఈత. ఈని 75 రోజులైంది. బరువు 400 కిలోలు ఉండొచ్చు. పొద్దున 8, సాయంత్రం 6 లీటర్లు ఇస్తోంది. పది రోజులుగా వెనక కుడికాలు ఆపి ఆపి వేస్తోంది. పడుకుంటే తొందరగా లేవదు. పక్కటెముకలు, నడ్డి ఎముకలు బయటపడ్డాయి. గాలికుంటు టీకా వేయించాం, నోట్లో పుళ్లు లేవు, పక్కనున్న ఆవులు బాగానే ఉన్నాయి.

మేత: వరిగడ్డి తిన్నంత, పెల్లెట్ దాణా 4 కిలోలు, తవుడు 3 కిలోలు, నూకలు 2 కిలోలు గంజి కాచి రెండు పూటలా. పచ్చిగడ్డి దొరికిన రోజున 5 కిలోలు. సాలలో సిమెంటు నేల.

ఊళ్లోకి మందులు తెచ్చి అమ్మే ఒకాయన 14 రోజులకోసారి వేసే ఇంజక్షన్ ఉంది, రెండు మూడు లీటర్లు పెరుగుతాయి అంటున్నాడు. అది వేయించిన ఆవుకి వారం తిరక్కుండా కుంటు వచ్చిందని ఇంకొకరు. పితికే ముందు రోజూ వేసేదీ ఇదీ ఒకటేనని మరో ఇద్దరు. తెలిసినవాళ్లు చెప్పండి: రెండూ ఒకటేనా? కాళ్లకు నిజంగా చేటేనా? ఈ ఆవుకి ఇప్పుడు వేయించొచ్చా?

పశువైద్యం_ఆమదాలవలస:
మూడో ప్రశ్నకి ముందు జవాబు: వేయించకండి. కుంటుతున్న ఆవుకి, అందులోనూ ఎముకలు తేలిన ఆవుకి, పాలు పెంచే మందు ఏదీ వద్దు. ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

రెండు ఇంజక్షన్లూ ఒకటి కావు. పితికే ముందు వేసేది ఆక్సిటోసిన్. అది పాలు తయారు చేయదు, పొదుగులో అప్పటికే ఉన్న పాలను చేపిస్తుంది, అంటే కిందికి దింపుతుంది, అంతే. రక్తంలో కొన్ని నిమిషాలే ఉంటుంది. రోజూ వేస్తే ఆవు సొంతంగా చేపడం మానేస్తుంది. చూడి ఆవుకి గర్భసంచి ముడుచుకుని ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. మాయ పడకపోవడం లాంటి వాటికి డాక్టరు వాడే మందు ఇది, చీటీ లేకుండా అమ్మకూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజక్షన్ వేయడం నేరం. జరిమానా, రెండేళ్ల దాకా జైలు, పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

14 రోజులకోసారి వేసేది ఎదుగుదల హార్మోన్. బొవైన్ సొమాటోట్రోపిన్, పొట్టిగా బీఎస్‌టీ అంటారు. ఆవు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దీన్ని ఎలాగూ తయారు చేసుకుంటుంది. బ్యాక్టీరియాలో తయారు చేసిన దాన్ని నువ్వుల నూనె లాంటి దానిలో కలిపి చర్మం కిందకి ఎక్కిస్తే మెల్లగా విడుదలవుతుంది. అమెరికాలో 1993 నవంబరులో అనుమతి వచ్చింది, 1994 నుంచి పోసిలాక్ పేరుతో అమ్మారు. అక్కడి లేబుల్ ప్రకారం మోతాదు 500 మిల్లీగ్రాములు, 14 రోజులకోసారి, ఈనిన 57 నుంచి 70 రోజుల మధ్య మొదలుపెట్టి వట్టిపోయే దాకా. తిన్న మేతలోని శక్తిని ఒంటికి పట్టకుండా పొదుగు వైపు మళ్లించడం దీని పని. బాగా మేపిన ఆవుల్లో 10 నుంచి 15 శాతం పాలు పెరుగుతాయి. మీ ఆవు 14 లీటర్లకి లెక్క వేసుకోండి, ఒకటిన్నర, మహా అయితే రెండు. మూడు లీటర్ల మాట అమ్మేవాళ్లది.

ఇక కాళ్ల సంగతి. ఇది పుకారు కాదు, అమెరికా లేబుల్ మీదే రాసి ఉంది: ఈ మందు వేసిన ఆవుల్లో వెనక కాలి కీళ్ల వాపు, ముందు మోకాళ్ల మీద గాయాలు, కాయలు ఎక్కువ కావచ్చని, రెండో ఈత, ఆపై ఈతల ఆవుల్లో గిట్టల జబ్బులు ఎక్కువ కావచ్చని. కెనడా ప్రభుత్వం 1999 జనవరిలో అనుమతి నిరాకరించింది. మనుషుల ఆరోగ్యం కోసం కాదు, ఆవుల ఆరోగ్యం కోసం. అక్కడి పశువైద్యుల నిపుణుల బృందం కుంటు వచ్చే ప్రమాదం 50 శాతం దాకా, పొదుగువాపు ప్రమాదం 25 శాతం దాకా, పెరుగుతుందని, చూడి కట్టకపోయే ప్రమాదం కూడా ఎక్కువవుతుందని తేల్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2000 నుంచి నిషేధం ఉంది. రెండో వైపు కూడా చెప్పాలి: 2014లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో చాలా ప్రయోగాల్ని కలిపి లెక్కగట్టినప్పుడు కుంటులో తేడా కనిపించలేదు. ఈ రెండు మాటలకీ పొంతన ఎక్కడ కుదురుతుందని అడిగితే నా సమాధానం మేపులో, నేలలో. ఆ ప్రయోగాల్లో ఆవులు కట్టుదిట్టమైన దాణా తింటాయి, గిట్టలు వేళకి చెక్కించుకుంటాయి. వరిగడ్డి, తవుడు, సిమెంటు నేల మీద ఉన్న ఆవుకి ఆ ఫలితాన్ని అప్పు తెచ్చుకోలేం.

కుంటు ఎలా వస్తుందో చూడండి. గిట్ట లోపల, మడమ వైపు, ఎముకకీ అరికాలికీ మధ్య కొవ్వు మెత్త ఉంటుంది. ఆవు చిక్కితే ఆ మెత్త కూడా పలచబడుతుంది. అప్పుడు ఎముక నేరుగా అరికాలి లోపలి పొరని నొక్కుతుంది, అక్కడ నెత్తురు చిమ్మి గిట్ట పదార్థం సరిగా తయారవదు. మందు వేయగానే పాలు కొన్ని రోజుల్లోనే పెరుగుతాయి, ఆవు తినడం మాత్రం కొన్ని వారాలు గడిస్తే గానీ పెరగదు. ఆ మధ్య కాలంలో వచ్చే పాలన్నీ ఒంటి కొవ్వు కరిగి వచ్చినవే. మీ ఆవులో కరగడానికి మిగిలిందేమీ లేదు.

వారంలోనే కుంటు వచ్చిందన్న మాట మీద నాకు నమ్మకం లేదు. వెనక గిట్ట గోడ నెలకి సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపల జరిగిన దెబ్బ అరికాలి పైకి తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే ఈరోజు కుంటుతున్న మీ ఆవుకి దెబ్బ తగిలింది ఈనిన రోజుల్లో. 60వ రోజున ఇంజక్షన్ వేయించి 67వ రోజున కుంటు చూసినవాళ్లు ఇంజక్షన్‌ని తిడతారు, అది పొరపాటు. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటుంది: ఇంజక్షన్ వేశాక నెల రోజులు చూసి, ఏమీ కాలేదు, మంచిదే అనుకోవడం. దాని దెబ్బ మూడో నెలలో తేలుతుంది. అప్పటికి ఎవరికీ ఇంజక్షన్ గుర్తుండదు, వాన బురద మీదకో నేల మీదకో నెట్టేస్తారు.

ముందు జ్వరం చూడండి. మలద్వారంలో థర్మామీటరు పెడితే 101.5 ఫారన్‌హీట్ మామూలు. 103 దాటితే, గిట్ట పైన రెండు వైపులా సమానంగా వాచి, సందులో కుళ్లు వాసన వస్తుంటే అది గిట్టకుళ్లు, యాంటీబయాటిక్ కావాలి. గిట్టలోని రెండు గోళ్లలో ఒక దాని పైన మాత్రమే వాచి ఎర్రగా ఉంటే లోపలి కీలు దాకా చీము పోయిందన్న అనుమానం, ఒక్క రోజు కూడా ఆగకండి. వాపూ జ్వరమూ లేకపోతే అరికాలి పుండో, గిట్ట గోడకీ అరికాలికీ మధ్య ఉండే తెల్లగీత విడిపోవడమో అయ్యుంటుంది. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గరివిడి పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా మీకు దగ్గరే.

నొప్పికి మెలాక్సికామ్ కిలో బరువుకి అర మిల్లీగ్రాము, అంటే మీ ఆవుకి 200 మిల్లీగ్రాములు, డాక్టరు చేత వేయించండి. లేబుల్ మీద చెప్పినన్ని రోజులు పాలు కేంద్రానికి పోయకూడదు. పాత అలవాటుగా డైక్లోఫెనాక్ అడక్కండి, రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకి 2006 నుంచే ఆపారు. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా 2023లో నిషేధించారు.

గిట్టపని_చీపురుపల్లి:
డాక్టరుగారు చెప్పినదానికి కింద, గిట్ట దగ్గర చేయాల్సిన పని రాస్తాను. కుంటు ఇంజక్షన్లతో తగ్గదు, కాలు ఎత్తి చూస్తేనే తగ్గుతుంది. నొప్పి మందు వేసి రెండు రోజులు బాగా నడిస్తే నయమైందనుకుని వదిలేస్తారు. ఆ రెండు రోజులూ పుండు మీద ఆవు పూర్తి బరువు మోపి ఇంకా లోతు చేసుకుంటుంది.

నడిపించి చూడండి, గట్టి నేల మీద, తిన్నగా. చూసి కుంటుకి 1 నుంచి 5 దాకా మార్కు వేయండి. నిలబడ్డప్పుడూ నడిచేటప్పుడూ నడుము చదునుగా ఉంటే 1. నిలబడితే చదును, నడిస్తే వంపు ఉంటే 2. రెండింటా వంపు, అడుగు పొట్టిగా పడితే 3. ఒక కాలు ఆచితూచి వేస్తే 4. ఆ కాలు మోపలేకపోతే 5. మీరు రాసినదాన్ని బట్టి మీ ఆవు 4. ఇది ఈ వారంలో జరగాల్సిన పని.

పడేసి కట్టొద్దు. ఎద్దులకి నాడాలు కొట్టేవాళ్లు తాళ్లతో పడేస్తారు, పాలున్న పొదుగుతో ఆవుని అలా పడేస్తే పొదుగు నలుగుతుంది. ఆసుపత్రి దగ్గర ఇనుప గొట్టాల ట్రెవిస్ ఉంటుంది, అందులో నిలబెట్టి, కడుపు కింద వెడల్పాటి పట్టీ వేసి, వెనక కాలు కీలు పైన మెత్తటి తాడు వేసి పైకి ఎత్తాలి. సన్న తాడు వేస్తే నరం నొక్కుకుపోతుంది. పితికాక తీసుకెళ్లండి.

నాడాలు కొట్టే చేతులకి ఇంకో అలవాటుంది. నాడా కూర్చోవాలి గనక అరికాలంతా చదును చేస్తారు. పాడి ఆవుకి అది పనికిరాదు, గోళ్ల మధ్యన గుంట ఉండాలి. అడిగి చేయించుకోండి.

కడిగి, పేడ తీసి, ముందు లోపలి గోరుతో మొదలు. వెనక కాళ్లలో లోపలి గోరు సాధారణంగా బాగుంటుంది, అదే కొలబద్ద. వెంట్రుకల కింద గట్టిపడ్డ చోటు నుంచి ముందు గోడ మీదుగా కొన దాకా 7.5 సెంటీమీటర్లు. జెర్సీ రక్తం ఉన్న చిన్న ఆవైతే 7 దాకా సరిపోతుంది. అంతకంటే ఎక్కువున్నది కత్తెరతో కొయ్యాలి. తర్వాత అరికాలు కొన వైపు చెక్కాలి, కొన దగ్గర మందం 5 నుంచి 7 మిల్లీమీటర్లు మిగలాలి. మడమ వైపు ముట్టుకోవద్దు. లోపలి గోటికి మడమ ఎత్తు ఎంత ఉంటే బయటి గోటికి అంత ఉపశమనం. బొటనవేలితో నొక్కితే అరికాలు మెత్తగా లోపలికి పోతే, గులాబీ రంగు తేలితే, అక్కడికి ఆపేయాలి. చాలామంది ఆవుల్ని పాడుచేసేది ఇక్కడే: అందంగా కనిపించాలని చెక్కుతూ పోతారు. పలచబడ్డ అరికాలుతో సిమెంటు మీద నడిస్తే కొత్త కుంటు కొని తెచ్చుకున్నట్టే.

ఆపైన బయటి గోటిని లోపలి దానితో సమానం చేయాలి. రెండు గోళ్ల మీదా కత్తి పిడి అడ్డంగా పెడితే ఊగకుండా కూర్చోవాలి. అప్పుడు గోళ్ల మధ్య వైపు, అరికాలి నడుమ చిన్న గుంట తీయాలి. పేడ, రాయి అక్కడ ఇరుక్కోవు, పుండు పుట్టే చోటు మీద ఒత్తిడి తగ్గుతుంది. ముందు కాళ్లకి వరస తిరగేయాలి, అక్కడ కొలబద్ద బయటి గోరు.

పుండు ఎక్కువగా వెనక కాలి బయటి గోట్లో, అరికాలికీ మడమకీ కలిసే చోట, మధ్య వైపు ఉంటుంది. ముందు పసుపు, ఎరుపు మచ్చగా కనిపిస్తుంది, నొక్కితే కాలు లాక్కుంటుంది. చుట్టూ విడిపోయిన గిట్ట పొరను ఏటవాలుగా తీసేయాలి. అంచు నిలువుగా ఉంటే పేడ కూరుకుంటుంది. లోపలి ఎర్ర కండ మీద కత్తి పెట్టొద్దు. తెల్లగీత మీద నల్ల చార కనిపిస్తే దాని వెంట గోడ వైపే చెక్కుతూ వెళ్లాలి, అరికాలి వైపు కాదు. చీము ఉంటే బూడిద రంగు నీళ్లలా బయటికొస్తుంది, ఆవు ఆ క్షణంలోనే తేలికపడుతుంది.

తర్వాత బాగున్న గోటి కింద చెక్క దిమ్మ అతికించాలి. రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్ల మందం, మడమ కింద దాకా రావాలి. పొట్టిగా ఉంటే ఆవు వెనక్కి వాలి నడుస్తుంది. గిట్ట పూర్తిగా ఆరాలి, ఆకురాయితో గరుకు చేయాలి, రెండు భాగాలు కలిపే గిట్ట జిగురు వాడాలి. జిగురు మడమ మెత్త మీదకి కారితే గట్టిపడి కోస్తుంది. మేకులు కొట్టొద్దు. దిమ్మ 4 నుంచి 6 వారాలకి చూసి తీసేయాలి. అలాగే వదిలేస్తే బాగున్న గోటికి పుండు పుడుతుంది. పుండు మీద బిగుతు కట్టు అక్కర్లేదు, కట్టినా మూడో రోజుకి తీయాలి. పసుపు నూనె, బ్యాటరీ నీళ్లు, కాల్చిన ఇనుము, ఇవేవీ వద్దు. బ్యాటరీ నీళ్లు కండని కాల్చేస్తాయి, ఆ చోట గిట్ట మళ్లీ పుట్టదు.

రాజాం_పాడి:
కాలు ఎత్తించి చూశాం. బయటి గోరు మడమ దగ్గర పావలా బిళ్ల అంత ఎర్ర మచ్చ, నొక్కితే కాలు విదిలించింది. వాపు లేదు, జ్వరం 101.8. దిమ్మ అతికించారు. పాల కేంద్రం చీటీలు తీసి చూస్తే వెన్న శాతం ఈనిన కొత్తలో 3.9 ఉండేది, ఇప్పుడు 3.1. పాలు ఎక్కువైతే వెన్న తగ్గుతుంది కదా అనుకున్నాం.

దాణాలెక్క_టెక్కలి:
పాలు పెరిగితే వెన్న కాస్త తగ్గడం ఉంది, గానీ 3.9 నుంచి 3.1కి పడిపోవడం పొట్టలో పులుపుకి గుర్తు. మీ ఆవు కాలికి మూలం మీ గంజి గిన్నెలోనే ఉందని నా గట్టి అభిప్రాయం.

నూకలు ఉడికించి పోస్తే పిండిపదార్థం పెద్దపొట్టలో గంటలోపే పులుస్తుంది. దానికి తోడు తవుడు, పెల్లెట్. మొత్తం 9 కిలోలు రెండే రెండు పూటల్లో, అంటే పూటకి నాలుగున్నర. నెమరు వేయించే పచ్చిగడ్డి సరిపడా లేదు. పొట్టలో ఆమ్లం పెరిగితే గిట్ట లోపలి సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, ఎముకని పట్టి ఉంచే బంధం సడలుతుంది. ఈనిన పది రోజుల్లో బలం రావాలని గంజి, తవుడు ఒక్కసారిగా పెంచడం మన వైపు ఆనవాయితీ. అది ప్రేమతో చేసేదే. కానీ డాక్టరుగారు చెప్పిన ఆ రెండు మూడు నెలల లెక్క వెనక్కి వేస్తే ఈ కుంటు అక్కడికే పోయి ఆగుతుంది. పెళ్లి భోజనాల అన్నం మిగిలితే తెచ్చి పోస్తారే, అది ఇంకా ప్రమాదం, ఒక్క రాత్రిలో ఆవు పడిపోతుంది.

గంజి ఒక్కరోజులో ఆపకండి. వారం పట్టించండి, రోజుకి 300 గ్రాముల చొప్పున నూకలు తగ్గించుకుంటూ. చివరికి నిలవాల్సిన లెక్క ఇది: పెల్లెట్ 5 కిలోలు, తవుడు 1 కిలో, వేరుశనగ చెక్క 1 కిలో. ఒంటికి ఒకటిన్నర, ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఒక కిలో అనే లెక్కకి 14 లీటర్లకి ఈ 7 కిలోలు సరిపోతాయి. చెక్కకి బూజు ఉంటే వద్దు. ఈ 7 కిలోలు నాలుగు పూటలు చేయండి, ఒక పూటకి 2 కిలోలు దాటకూడదు. ముందు గడ్డి వేసి, అరగంటకి దాణా పెట్టండి. ఖాళీ పొట్టతో దాణా తినడమే పులుపుకి మొదటి మెట్టు.

పచ్చిగడ్డి 20 కిలోలు తప్పదు. 15 కిలోలు సూపర్ నేపియర్ లేదా ఏపీబీఎన్-1 రకం గడ్డి, 5 కిలోలు అలసంద, జనుము లేదా పిల్లిపెసర. వరి కోతల తర్వాత మడిలో తేమ ఉండగా చల్లే పిల్లిపెసర మన జిల్లాల్లో ఉచితంగా వచ్చే మాంసకృత్తుల దాణా, దాన్ని చాలామంది వదిలేస్తున్నారు, బాధేస్తుంది. వరిగడ్డి 3 నుంచి 4 కిలోలు, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు. పొడిలా కొడితే నెమరు రాదు. మొక్కజొన్న వేసేవాళ్లు ఊళ్లో ఉంటే కంకి పాలు పోసుకునే దశ దాటి గింజ పిండిపట్టాక పచ్చిమేత కొని సైలేజ్ (పాతర మేత) పెట్టుకోండి, ఎండాకాలం గడుస్తుంది.

తినే సోడా రోజుకి 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలపండి. ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. లవణ మిశ్రమం సంచి మీద జింక్ ఉందో లేదో చదవండి, గిట్ట గట్టిపడటానికి అదే ముఖ్యం. బయోటిన్ అనే విటమిన్ రోజుకి 20 మిల్లీగ్రాములు పెడితే గిట్టకి మంచిదే, కానీ ఆరు నెలలు పెడితేనే తేడా కనిపిస్తుంది. నెల పెట్టి ఆపేవాళ్లు డబ్బు పేడలో వేసినట్టే. నీళ్లు రోజుకి 70, 80 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ, ఎప్పుడూ ముందు ఉండాలి.

కుదురుకుంటోందో లేదో మూడు చోట్ల తెలుస్తుంది. పడుకున్న ఆవు ఒక్కో ముద్దని 50 సార్లకి పైగా నమలాలి, లెక్కపెట్టండి. పేడలో బుడగలు, ఉడకని గింజలు తగ్గాలి. కేంద్రం చీటీలో వెన్న మూడు వారాల్లో 3.5 దాటాలి.

కవిటి_కొబ్బరితోట:
నేల గురించి ఎవరూ రాయలేదు. ఆవు రోజుకి 12 గంటలు పడుకోవాలి, పడుకున్నంతసేపూ గిట్టకి విశ్రాంతి. సిమెంటు మీద అది పడుకోదు, నిలబడే ఉంటుంది. ఎండల్లో రేకుల కింద ఇంకా ఎక్కువసేపు నిలబడి రొప్పుతుంది. 6.5 అడుగులకి 4 అడుగుల రబ్బరు మ్యాట్ వేయండి. కొనలేకపోతే మా ఉద్దానం వైపు పీచు తీసే చోట్ల కొబ్బరి పొట్టు దొరుకుతుంది, నాలుగైదు అంగుళాలు పరిచి, తడిసిన చోటు రోజూ తీసి కొత్తది వేయండి. ఎండినదే తెచ్చుకోండి, తడి పొట్టు వేడెక్కి పొదుగువాపు తెస్తుంది.

ఒక్కసారి సాలలో వెనక్కి నిలబడి చూడండి: వెనక కాళ్లు ఎక్కడున్నాయి? నిలబడే చోటు అయిదున్నర అడుగుల కంటే పొట్టిగా కట్టినవి మన దగ్గర చాలా ఉన్నాయి, నాటు ఆవుల కొలతవి. పొడవైన క్రాస్ ఆవు వెనక కాళ్లు రోజంతా మూత్రం కాలువలో నానతాయి. నానిన గిట్ట చెక్కలా ఉబ్బి మడమ కొరుక్కుపోతుంది. ముందు పలుపు కొంచెం జారవిడిచి, తొట్టి వైపు జరిగే వీలివ్వండి, లేదా కాలువ మీద ఇనుప జాలీ వేయండి.

వారానికి రెండుసార్లు గిట్టల స్నానం. పది లీటర్ల నీళ్లకి అరకిలో మైలుతుత్తం, అంటే 5 శాతం. రెండు మూడు ఆవులకైతే తొట్టి కట్టక్కర్లేదు, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఒక్కో కాలు పెట్టించండి. గిట్ట పైదాకా మునగాలి. ముందు కాళ్లు కడగాలి, పేడ కలిస్తే మైలుతుత్తం పని చేయదు. ఆ మందునీళ్లు తాగనివ్వొద్దు, మిగిలింది మడిలోనో చెరువులోనో పారబోయొద్దు, గొర్రెలున్న ఇంట్లో మరీ జాగ్రత్త, మైలుతుత్తంలోని రాగి లోహం గొర్రెలకి విషం. పుండు తెరిచి ఉన్న కాలికి మానేదాకా వద్దు, ఫార్మలిన్ అయితే అసలే వద్దు.

రాజాం_పాడి:
అందరికీ నమస్కారాలు. గంజి తగ్గిస్తున్నాం, నిలబడే చోటు కొలిస్తే అయిదు అడుగులే ఉంది. ఒకే సందేహం. కాలు మానాక, మేత కుదిరాక, అప్పుడైనా ఆ 14 రోజుల మందు వేయించొచ్చా? ఇంకా ఎదకి కూడా రాలేదు.

పశువైద్యం_ఆమదాలవలస:
ఎదకి రాకపోవడం, చిక్కిపోవడం, కుంటు, మూడూ ఒక చెట్టు కాయలే. ముందు చూడి కట్టించండి. ఈ మందుకి చూడి కట్టకపోయే దోషం లేబుల్ మీదే ఉంది, ఎద సూది వేయించాల్సిన రోజుల్లో దాన్ని వాడితే పాలు పెరిగినా ఏడాది పోతుంది.

మాననిచ్చాక లెక్క వేసుకోండి. మందు పనిచేస్తే 14 రోజుల్లో 20 నుంచి 28 లీటర్లు అదనం. ప్రతి అదనపు లీటరుకీ 400 గ్రాముల దాణా అదనం, మందు ఖర్చు వేరే. మీ ఆవు 4 మార్కు కుంటులో ఉండగానే రోజుకి 14 లీటర్లు ఇస్తోంది. నొప్పి లేకుండా తిని, 12 గంటలు పడుకుంటే అదే ఆవు ఏ మందూ లేకుండా ఒకటిన్నర, రెండు లీటర్లు పెంచడం నాకు ఆశ్చర్యం కాదు. ఆ రెండు లీటర్లకీ కాళ్లు తాకట్టు పెట్టక్కర్లేదు.

అయినా ఎవరైనా అమ్మజూపితే అడగాల్సినవి: తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు. ఇది ప్రొటీన్ మందు, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. స్కూటర్ డిక్కీలో ఎండన పడి వచ్చిన సీసాలో మందు ఉన్నా చచ్చిపోయి ఉంటుంది, ఇంజక్షన్ వేసిన చోట వాపు మాత్రం మిగులుతుంది. లేబుల్ లేని సీసా అయితే అందులో ఉన్నది ఆక్సిటోసినో మరొకటో ఎవరికీ తెలియదు.

ఈ ఆవు విషయంలో నేను చూడాలనుకునే వరస: దిమ్మ 5వ వారంలో తీయించడం, అప్పుడు నడక 1 లేదా 2 రావడం. నడ్డి ఎముకల మీద చెయ్యి పెడితే పలచగానైనా కండ తగలడం. వెన్న 3.5 దాటడం. అవి మూడూ వచ్చాక కూడా ఎద కనిపించకపోతే గర్భసంచి పరీక్ష చేయించండి.

గిట్టపని_చీపురుపల్లి:
దిమ్మ తీసే రోజున ఎడమ కాలు కూడా ఎత్తి చూడండి. ఈ ఆవు నెల రోజులు బరువంతా దాని మీదే మోసింది. మిగతా ఆవులకి ఏడాదికి రెండుసార్లు, వట్టిపోయినప్పుడు ఒకసారి, ఈనిన రెండు నెలలకి ఇంకోసారి చెక్కించండి. వానాకాలం మధ్యలో వద్దు, నానిన గిట్ట అందాజుకి అందదు, లోతు తెగుతుంది.